పచ్చ దీపం వెలుగుతూనే నెట్ మందగిస్తే

సమస్య: వీడియో మాటిమాటికీ ఆగుతుంది. ఆఫీసు మీటింగులో మీ మాట ముక్కలుగా వినిపిస్తుంది. మోడెం మీద దీపాలన్నీ మాత్రం పచ్చగానే ఉంటాయి.

హోసకోటె, ఆనేకల్ చుట్టుపక్కల పల్లెల్లో ఉంటూ బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసే మనవాళ్లు నన్ను పిలిచేది ఎక్కువగా దీనికే. నేను వెళ్లేసరికి కొత్త రౌటరు కొనేసి ఉంటారు, ప్లాను పెంచేసి ఉంటారు. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా మోడెంకు కలిపి వేగం చూశారా అని అడిగితే చూడలేదంటారు. దయచేసి ఏదైనా కొనేముందు ఆ పని చేయండి.

కేబుల్‌తో పూర్తి వేగం వస్తే: లోపం వైఫైలో ఉంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగమైనదే కానీ గోడలు దాటడంలో బలహీనం. రాతిగోడల పాత ఇళ్లలో పక్కగదికి కూడా సరిగా చేరదు. ఆ గదికి ల్యాన్ కేబుల్ లాగి రెండో రౌటరు పెట్టండి. 

కేబుల్‌తో 94 దగ్గరే ఆగితే: 300 ఎంబీపీఎస్ ప్లాను ఉండి ఎప్పుడు చూసినా అంతే వస్తుంటే కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఏదో తెగి ఉంటుంది, లేదా కేబుల్ గుచ్చిన పోర్టు సామర్థ్యమే 100. ముందు కేబుల్ మార్చి చూడండి.

కేబుల్‌తోనూ మందగిస్తే: మోడెంకు నెట్ తెచ్చే ఫైబర్ తీగ, అంటే కాంతిని మోసే గాజుపోగు, ఎక్కడ నలిగిందో వెతకండి. అందరినీ ఏమార్చేది ఇదే. లైను వేసేవారు తొందరలో తీగను కిటికీ సందులోంచి తెస్తారు, రెక్క మూసినప్పుడల్లా అది నొక్కుకుపోతుంది. లేదా మిగిలిన తీగను చిన్న చుట్టగా బిగించి బీరువా వెనక తోస్తారు. గాజుపోగు బాగా వంగిన చోట కాంతి బయటికి జారిపోతుంది. పచ్చ దీపం చెప్పేది అవతల నెట్ కంపెనీ యంత్రంతో సంబంధం నిలిచి ఉందని మాత్రమే. అందే కాంతి తగ్గేకొద్దీ డేటాలో తప్పులు పెరుగుతాయి, ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతాయి, పంపే సర్వరు తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే లైను పూర్తిగా పోకుండా ఈడుస్తుంది.

కొలిచి తెలుసుకోండి. బ్రౌజరులో మోడెం పేజీ తెరవండి. చాలా మోడెంలకు అది 192.168.1.1, పాస్‌వర్డ్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది. అందులో ఆర్ఎక్స్ పవర్ అనే అంకె చూడండి, మోడెంకు అందే కాంతి బలం అదే. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కంటే కిందికి, అంటే మైనస్ 28, 29 వైపు వెళితే ప్రమాదం. ఈ అంకె 3 తగ్గిందంటే, అంటే మైనస్ 20 కాస్తా మైనస్ 23 అయిందంటే, కాంతి సగమైందని అర్థం. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూడండి. అంకె మారితే దొంగ దొరికినట్టే.

చికిత్స: తీగకు గోడలో వేరే రంధ్రం చేయించండి. చుట్ట వ్యాసం 6 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. వంపు సరిచేసినా అంకె కోలుకోకపోతే లోపల గాజు చిట్లింది, ఆ ముక్క కోయించి మళ్లీ అతికించాలి. తీగ కొనలోకి మాత్రం కళ్లు పెట్టి చూడకండి. ఆ కాంతి కంటికి కనబడదు, హాని మాత్రం చేయగలదు.

మోడెం వేడెక్కడం, వైరస్‌లు దీనికి కారణం కావడం చాలా అరుదు. డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చే సేవ) మారిస్తే డౌన్‌లోడ్ వేగం పెరుగుతుందన్న సలహా వదిలేయండి. అంకె బాగుండి రాత్రి వేళ మాత్రమే మందగిస్తే రద్దీ నెట్ కంపెనీ వైపే ఉందనుకోవచ్చు. కేబుల్‌తో తీసిన పొద్దుటి వేగం, రాత్రి వేగం, ఆర్ఎక్స్ అంకె మూడూ రాసి ఫిర్యాదు పెట్టండి.