లినక్స్ లాప్‌టాప్‌లో ఆటోమేటిక్ పవర్ ప్రొఫైల్ జోలికి వెళ్లేముందు

ఛార్జర్ పీకితే పవర్ సేవర్, పెడితే పెర్ఫార్మెన్స్. ఇంత చిన్న పని కోసం లోపల నాలుగు భాగాలు ఒకదానికొకటి కబురు అందించాలి. ఛార్జర్ స్థితిని కెర్నల్ (లినక్స్ మూల భాగం) గమనించాలి. పరికరాల్లో మార్పులు చూసుకునే యూడెవ్ ఆ ఈవెంట్‌ను పైకి పంపాలి. డెస్క్‌టాప్ గానీ మీరు రాసిన యూడెవ్ రూల్ గానీ ప్రొఫైల్ మార్చమని అడగాలి. చివరికి పవర్ డెమన్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) దాన్ని సీపీయూకు, ఫర్మ్‌వేర్‌కు చేర్చాలి. గొలుసు ఎక్కడ తెగిందో చూడకుండా ఇంకో టూల్ ఇన్‌స్టాల్ చేస్తే చిక్కుముడి ఇంకా బిగుస్తుంది. రోజంతా బ్యాటరీ మీద నడపాల్సిన ప్రయాణానికి ముందు రాత్రి అయితే ఈ పని అసలు పెట్టుకోకండి. మధ్యలో ఛార్జర్ పదేపదే పీకి పెట్టాలి కాబట్టి బ్యాటరీలో కనీసం సగం ఛార్జ్ ఉంచుకోండి.

ముందు తేల్చాల్సింది పెత్తనం ఎవరిదో. పవర్ ప్రొఫైల్స్ డెమన్, టీఎల్‌పీ, ట్యూన్డ్, ఆటో సీపీయూఫ్రీక్ అన్నీ దాదాపు అవే సెట్టింగులను రాస్తాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకటి మార్చినదాన్ని మరొకటి వెనక్కి తిప్పేయవచ్చు, మీకేమో మార్పు జరగనే లేదనిపిస్తుంది. సర్వీసులను నడిపించే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో ఈ నాలుగింటి స్టేటస్ చూసి, ఒక్కటే నడుస్తోందని నిర్ధారించుకోండి. ఫెడోరా 41 నుంచి మామూలుగా వచ్చేది ట్యూన్డ్. అది పాత డెమన్ (పవర్ ప్రొఫైల్స్ డెమన్) డీబస్ ఇంటర్‌ఫేస్‌నే, అంటే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అదే దారిని, చూపిస్తుంది కాబట్టి గ్నోమ్ డెస్క్‌టాప్ మెనూలో ఏ తేడా కనబడదు. ఇది తెలియక పాత డెమన్ మాయమైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతే కొత్త గొడవ మొదలవుతుంది.

పవర్ ప్రొఫైల్స్ డెమన్‌ను ఆపాలంటే డిసేబుల్ చేస్తే సరిపోదు. డెస్క్‌టాప్ డీబస్ మీద పిలవగానే అది మళ్లీ లేచి కూర్చుంటుంది. ఎవరు పిలిచినా మొదలవకుండా మాస్క్ చేయాలి. తర్వాత మనసు మార్చుకుంటే అన్‌మాస్క్ చేయడం మరవకండి, లేకపోతే గ్నోమ్ మెనూలో పవర్ మోడ్ బటనే కనబడదు.

రూల్ రాసే ముందు అది అవసరమో కాదో చూసుకోండి. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ పవర్ సెట్టింగుల్లో ఛార్జర్ మీద, బ్యాటరీ మీద, బ్యాటరీ తగ్గినప్పుడు ఏ ప్రొఫైల్ ఉండాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. అది వాడుతుంటే సొంత రూల్ వద్దు. గ్నోమ్ తనంతట తాను చేసేది బ్యాటరీ బాగా తగ్గినప్పుడు పవర్ సేవర్‌కు మారడం మాత్రమే. ఛార్జర్ పీకినా అది కదలదు, అది లోపం కాదు.

ఈవెంట్ వస్తోందా లేదా తెలుసుకోవడానికి, సిస్ (/sys) కింద క్లాస్ ఫోల్డర్‌లోని పవర్ సప్లై ఫోల్డర్ తెరవండి. ఛార్జర్ పేరు మోడల్‌ను బట్టి ఏసీ, ఏడీపీ1, ఏసీఏడీ ఇలా ఉంటుంది. అందులోని ఆన్‌లైన్ ఫైల్ ఛార్జర్ ఉంటే 1, లేకుంటే 0 చూపాలి. పక్కనే ఈవెంట్లను చూపే యూడెవ్‌ఏడీఎమ్ మానిటర్ కమాండ్ నడుపుతూ ప్లగ్ పీకి చూడండి. అంకె మారక, ఈవెంటూ రాకపోతే తప్పు కెర్నల్ డ్రైవర్‌లోనో ఫర్మ్‌వేర్‌లోనో ఉంది. ఏ రూల్ రాసినా ఉపయోగం లేదు, ముందు బయోస్ అప్‌డేట్ సంగతి చూడండి.

రూల్‌లో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆన్‌లైన్ విలువ ఒక్కటే చూసి రాసిన రూల్‌ను వైర్‌లెస్ మౌస్ కూడా తట్టి లేపగలదు, ఎందుకంటే కొన్ని మౌస్‌ల బ్యాటరీకీ ఆన్‌లైన్ ఫైల్ ఉంటుంది. టైప్ మెయిన్స్ అయి ఉండాలన్న షరతు తప్పనిసరిగా చేర్చండి. పోల్చడానికి రెండు సమాన గుర్తులు, విలువ ఇవ్వడానికి ఒకటి. ఇక్కడ పొరపాటు పడితే రూల్ చప్పుడు చేయకుండా విఫలమవుతుంది.

ప్రొఫైల్ మార్చే కమాండ్‌ను నేరుగా యూడెవ్ రూల్‌లోని రన్‌లో (ఈవెంట్ రాగానే నడపాల్సిన కమాండ్ రాసే చోట) పెట్టకండి. బూట్ సమయంలో ఈవెంట్ వచ్చేసరికి డెమన్ ఇంకా సిద్ధమై ఉండకపోవచ్చు. ఎక్కువసేపు నడిచే ప్రోగ్రామ్‌ను యూడెవ్ మధ్యలోనే చంపేస్తుంది. రన్‌లో సిస్టమ్‌సీటీఎల్‌ను పూర్తి పాత్‌తో, పని ముగిసేదాకా ఆగకుండా ఉండే నో బ్లాక్ ఆప్షన్‌తో పిలిచి, ఒకసారి పని చేసి ముగిసే వన్‌షాట్ సర్వీస్‌ను స్టార్ట్ చేయించండి. సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీకి యూడెవ్ రూల్ నుంచే చెప్పే సిస్టమ్‌డీ వాంట్స్ అనే దారి చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, అది పరికరం మొదటిసారి యాక్టివ్ అయినప్పుడే పనిచేస్తుంది. తర్వాత ప్లగ్ పీకినా పట్టించుకోదు.

ఆ సర్వీస్‌లోని స్క్రిప్ట్ ఏ ఈవెంట్ వచ్చిందన్నది నమ్మకుండా, ప్రతిసారీ ఆన్‌లైన్ ఫైల్‌ను తానే చదివి ప్రొఫైల్ పెట్టాలి. అప్పుడు ఒకే ఈవెంట్ రెండు మూడుసార్లు వచ్చినా నష్టం లేదు. సర్వీస్ ఫైల్‌లో రిమైన్ ఆఫ్టర్ ఎగ్జిట్ సెట్టింగ్ పెట్టకండి. పెడితే మొదటిసారి తర్వాత సర్వీస్ నడుస్తూనే ఉన్నట్టు లెక్క, రెండో స్టార్ట్ ఏమీ చేయదు. పరీక్షించేటప్పుడు ప్లగ్‌ను గబగబా పీకి పెట్టకండి. పది సెకన్లలో అయిదు స్టార్ట్‌లు దాటితే సిస్టమ్‌డీ మామూలు సెట్టింగ్ ప్రకారం నిరాకరిస్తుంది, మీరు రూల్ పాడైందనుకుంటారు.

నిద్రలో ఉండగా ఛార్జర్ పీకిన సంగతి లేచాక తెలియకపోవచ్చు. అదే సర్వీస్‌కు సస్పెండ్ టార్గెట్ (నిద్ర దశకు సిస్టమ్‌డీ పెట్టిన పేరు) తర్వాత నడిచేలా ఆఫ్టర్, వాంటెడ్ బై రెండూ రాసి ఎనేబుల్ చేయండి. బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ ఎప్పుడైనా మేల్కొంటే, పెర్ఫార్మెన్స్‌లో ఇరుక్కుని వేడెక్కకుండా ఇది కొంత కాపాడుతుంది.

ప్రొఫైల్ పేరు మారినా ఫ్యాన్, వేగం మారకపోతే సీపీయూ వైపు చూడండి. ఇంటెల్ పీస్టేట్ (ఇంటెల్ సీపీయూల వేగం చూసుకునే డ్రైవర్) యాక్టివ్ మోడ్‌లో గవర్నర్ (వేగం ఎలా ఉండాలో చెప్పే విధానం) పెర్ఫార్మెన్స్ అయితే, వేగానికీ పొదుపుకూ మధ్య మొగ్గు తేల్చే ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ప్రిఫరెన్స్‌ను మారనివ్వదు. ముందు గవర్నర్‌ను పవర్‌సేవ్‌కు తెండి. పేరు చూసి భయపడక్కర్లేదు, ఆ డ్రైవర్‌లో వేగం అవసరాన్ని బట్టి పెరుగుతూనే ఉంటుంది. పవర్ ప్రొఫైల్స్ డెమన్ కమాండ్ అయిన పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ లిస్ట్‌లో పెర్ఫార్మెన్స్ కింద డిగ్రేడెడ్ దగ్గర యెస్ అని ఉంటే, లాప్‌టాప్ ఒళ్లో ఉందని సెన్సర్ కనిపెట్టిందో, బాగా వేడెక్కిందో అయి ఉంటుంది. బల్ల మీద పెట్టి, కాస్త చల్లారాక మళ్లీ చూడండి.

వెనక్కి రావాలంటే ఫైల్ చెరపక్కర్లేదు. పేరు చివర రూల్స్ అన్న ఎక్స్‌టెన్షన్ తీసేసి, యూడెవ్ రూల్స్ రీలోడ్ చేస్తే చాలు. సస్పెండ్ తర్వాత నడిచేలా పెట్టిన సర్వీస్‌ను కూడా డిసేబుల్ చేయండి.