హైదరాబాదులో కొత్తగా చేరిన అధ్యాపకులు తోడును సమకూర్చుకోవడం ఎలా?

ఉద్యోగంలో చేరిన తొలి నెలంతా అభినందనలతోనే గడిచిపోతుంది. రెండో నెలకు లంచ్ బాక్సు ఎవరితో కలిసి విప్పాలో తెలియదు. పరిశోధక విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ హాస్టలూ మెస్సూ అడగకుండానే మనుషులను ఇచ్చాయి. అధ్యాపకుడికి మాత్రం విడిగా ఒక గదిని, దాని తాళంచెవిని ఇచ్చి ఊరుకుంటారు.

చాలామంది చేసే పొరపాటు, అన్నింటికీ ఒకే పెద్దమనిషిని ఆశ్రయించడం. పాఠం చెప్పడంలో సలహా ఇవ్వగలిగినవారు సెలవు నిబంధనల్లో అక్కరకు రాకపోవచ్చు. అందువల్ల ముందుగా మీ అవసరాలను విడదీసి కాగితంపై రాసుకోండి.

కార్యాలయంతో మొదలుపెట్టండి. సర్వీసు రిజిస్టరు, పాత సర్వీసు లెక్కింపు, పింఛను ఖాతా వంటివి మీ ఫైలు చూసే సెక్షన్ ఉద్యోగికి తెలిసినంతగా ప్రొఫెసర్లకు తెలియవు. పని పడకముందే ఒకసారి స్వయంగా వెళ్లి పరిచయం చేసుకోండి. పని పడ్డాక వెళ్లేవారిని వారు రోజూ చూస్తూనే ఉంటారు.

విభాగంలోని సీనియర్ల విషయంలో కొంత ఆచితూచి నడవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రొబేషన్ ఒక సంవత్సరం. పని సంతృప్తికరంగా లేదనుకుంటే మరో సంవత్సరం పొడిగించవచ్చు. మీ పనిని అంచనా వేసేవారిలో విభాగాధిపతి ఉంటారు కనుక, సిలబస్ గురించీ ప్రశ్నపత్రాల గురించీ ఆయన్నో ఆమెనో నిస్సంకోచంగా అడగండి గాని, వారానికి 16 గంటల బోధన మోయలేకపోతున్నానన్న నిట్టూర్పును మాత్రం వేరే చోట దించుకోండి.

ఆ వేరే చోటు సాధారణంగా మీ విశ్వవిద్యాలయం వెలుపలే దొరుకుతుంది. కొత్త అధ్యాపకుల ఇండక్షన్ శిక్షణ ఇచ్చే కేంద్రాలు ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ ప్రాంగణాల్లో ఉన్నాయి. వీలైతే ఆన్‌లైన్ శిక్షణ కాక ప్రత్యక్షంగా జరిగేది ఎంచుకోండి. అక్కడ కలిసేవారు మీలాగే కొత్తవారు, మీ పదోన్నతితో ప్రమేయం లేనివారు. శిక్షణ ముగిశాక మిగిలే వాట్సాప్ గ్రూపు శుభోదయాలతో నిండిపోతుంది. దానిపై ఆశ పెట్టుకోకుండా, నచ్చిన ముగ్గురు నలుగురిని వేరుగా పిలవండి.

పిలవడం తేలిక, కలుసుకోవడం కష్టం. తార్నాక నుంచి గచ్చిబౌలికో, సంగారెడ్డి దారిలోని కందికో వెళ్లిరావడమంటే సగం రోజు పోయినట్టే. మియాపూర్–ఎల్బీనగర్, నాగోలు–రాయదుర్గం మెట్రో మార్గాలు రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి కాబట్టి ఆ దగ్గర్లో ఒక హోటలును ఖాయం చేసుకుని, రెండో శనివారం ఉదయం పది గంటలకు అని తేదీ, వేళ స్థిరపరచండి. "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాట ఈ ఊళ్లో వీడ్కోలు మాటే తప్ప ఆహ్వానం కాదు. తొలి గంటన్నర ఎవరి వ్యాసం వారు రాసుకోవాలి. ఆ తరువాతే ఇరానీ చాయ్, కష్టసుఖాలు. పని పేరుతో కలిసేవారు మానకుండా వస్తారు, కేవలం ఊరటకోసం కలిసేవారు పరీక్షల కాలం రాగానే మానేస్తారు.

వృత్తితో సంబంధం లేని పరిచయం కనీసం ఒకటి అవసరం. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌లోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో జరిగే సభలకు వెళితే, మీ హోదా అడగని మనుషులు తారసపడతారు.

మీ పరిశోధక విద్యార్థులను మాత్రం ఈ తోడులో లెక్కించకండి. వారు మీ మాట ఓపికగా వింటారు. సంతకం మీ చేతిలో ఉంది కాబట్టి వినక తప్పదు. నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తుంటే స్నేహితులపైనే భారం వేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక అడగడమే కాదు, ఇవ్వడం కూడా మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. సహోద్యోగి సెలవు పెట్టిన రోజున ఆయన తరగతి తీసుకోండి. మీ వ్యాసం చదివి పెట్టినవారిని, వారి చిత్తుప్రతి మీకు ఎప్పుడు పంపుతారో అడగండి.