వేరు చదువు, 3వ పాఠం: నీళ్లలో మునిగిన వరి వేరు ఏం చెప్తుంది

పోయిన రెండు పాఠాల్లో మెట్ట పైర్ల వేర్లు చూశాం. గట్టి పొర తగిలితే కంది తల్లివేరు ఎలా పక్కకి తిరుగుతుందో, తడి తగిలిన వైపే పిల్లవేర్లు ఎందుకు ఎక్కువ వస్తాయో, అదంతా. అక్కడ వేరు కష్టమంతా నీళ్ల కోసమే. ఈసారి దానికి పూర్తిగా ఎదురు, వేరు చుట్టూ నీళ్లే ఉండి గాలి కోసం అల్లాడే చోటు, అంటే వరి మడి.

ఈ పాఠం అయ్యేసరికి మీకు రావాల్సిన పని ఒక్కటే. ఒక వరి దుబ్బు తీసి, కడిగి, వేర్ల రంగు, వాసన, కొసలు చూసి ఆ మడిలో గాలి సంగతి ఎలా ఉందో చెప్పగలగాలి. రంగు చూసి ఏం చెప్పకూడదో కూడా తెలియాలి, నన్నడిగితే ఈ రెండోదే అసలు పాఠం.

ముందు దుబ్బు తీయడం. నాటిన నెల, నెలా పది రోజులకి, పిలకలు బాగా వేసే టైంలో చూస్తే బాగా తెలుస్తుంది. గట్టు పక్కది వద్దు, అక్కడ మట్టికి గాలి కొంచెం ఎక్కువ ఆడుతుంది కాబట్టి అది చెప్పే మాట మడి మొత్తానికి వర్తించదు, నాలుగు బారలు లోపలికి దిగి తీయండి. జుట్టు పట్టి పీకినట్టు మాత్రం పీకొద్దు. పీకితే తెల్ల కొసలు తెగి బురదలోనే ఉండిపోతాయి, మనకి కావాల్సింది ముఖ్యంగా అవే. రెండు చేతుల వేళ్లు దుబ్బు చుట్టూ జానెడు లోతుకి దించి, కింద నుంచి మట్టి ముద్దతో సహా పైకెత్తాలి. ఎత్తగానే, కడగక ముందే, ఆ ముద్దని విరిచి వాసన చూడండి. మామూలు బురద వాసనా, మురిగిన గుడ్డు వాసనా? ఇది ముందే రాసి పెట్టుకోండి, కడిగాక గుర్తొచ్చి లాభం లేదు.

తర్వాత బకెట్ నీళ్లలో ముద్దని కాసేపు నాననిచ్చి మెల్లగా ఆడించండి. మోటర్ పైపు పెట్టి కొడితే చెత్త వేర్లు, మంచి వేర్లు అన్నీ కలిసి పోతాయి. మట్టి వదిలాక తెల్ల ప్లాస్టిక్ టబ్బులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి వేర్లు పరిచి వెంటనే ఫోటో తీసుకోండి. వెంటనే అని ఎందుకంటున్నానంటే నల్లగా ఉన్న వేరు గాలి తగిలిన కొన్ని గంటల్లో గోధుమ రంగుకి తిరుగుతుంది, సాయంత్రం ఇంటికి తెచ్చి ఎవరికైనా చూపిస్తే "బానే ఉంది కదా" అంటారు.

ఇప్పుడు టబ్బులో ఏముందో చూద్దాం. మంచి మడిలో దుబ్బు అయితే రెండు రంగులు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన వేర్లు, వేర్ల కొసలు తెల్లగా, గట్టిగా ఉంటాయి. కాస్త పాత వేర్ల మీద ఇటుకపొడి రంగు పూత ఉంటుంది, గోటితో గీకితే కొంచెం రాలుతుంది, కింద వేరు మామూలుగానే ఉంటుంది. మొదటిసారి చూసిన వాళ్లు ఇది తెగులు అనుకుంటారు, కాదు, ఇది తుప్పు. నిజంగా ఇనుప తుప్పే.

అది ఎలా వచ్చిందో అర్థమైతే మిగతా పాఠమంతా దానంతట అదే వస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ కదిలే వేగం గాలిలో కంటే సుమారు పది వేల రెట్లు తక్కువ. దమ్ము చేసి నీళ్లు నిలబెట్టిన ఒకటి రెండు రోజుల్లో మట్టిలో మిగిలిన ఆక్సిజన్ అంతా సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. అయిపోయాక అవి ఊరుకోవు, ఆక్సిజన్ బదులు ముందు నైట్రేట్, తర్వాత మాంగనీసు, ఆ తర్వాత మట్టిలో గట్టిగా పట్టుకుని ఉన్న ఇనుము, ఇలా వరసగా వాడతాయి, అప్పుడు ఆ ఇనుము కరిగి నీళ్లలోకి వస్తుంది. ఇంకా కిందికి పోతే సల్ఫేట్ వంతు, అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, మురిగిన గుడ్డు వాసన దానిదే. చివరికి మీథేన్, మడిలో కాలు పెడితే బుడబుడమని వచ్చేదాంట్లో అదీ ఉంటుంది.

మరి ఇలాంటి చోట మొక్కజొన్న అయితే కొన్ని రోజుల్లో తల వాల్చేస్తుంది, వరి ఎందుకు బతుకుతుంది? ఒక పాత వేరు తీసుకుని కొస నుంచి నాలుగైదు సెంటీమీటర్లు పైన కొత్త బ్లేడుతో అడ్డంగా పల్చగా కోయండి, భూతద్దం పెట్టండి. తామర తూడు కోసినప్పుడు కనిపించేలాంటి బొక్కలే, చిన్నవి. ఆకుల నుంచి గాలి ఆ గొట్టాల్లోంచి కిందికి దిగుతుంది. వరికి ఈ గొట్టాలు ఎలాగూ ఉంటాయి, నీళ్లు నిలిస్తే ఇంకా ఎక్కువ చేసుకుంటుంది. అక్కడితో ఆగకుండా వేరు పై భాగంలో బయటి పొరకి బెండులాంటి పదార్థం పట్టించి దారిలో గాలి కారిపోకుండా అడ్డం కట్టుకుంటుంది, దాంతో ఆక్సిజన్ కొస దాకా చేరుతుంది. కొస దగ్గర, సన్నటి పిల్లవేర్ల దగ్గర మాత్రం కొంచెం బయటికి పోతుంది. బయట కరిగి ఉన్న ఇనుముకి ఆ ఆక్సిజన్ తగిలి తుప్పయి వేరు మీదే అంటుకుంటుంది. కాబట్టి ఇటుక రంగు కనబడిందంటే ఆ వేరు గాలి వదులుతోంది, లేదా మొన్నటి దాకా వదిలింది అని అర్థం.

నల్ల వేరు సంగతి వేరు. వేరు వదిలే గాలి చాలక సల్ఫైడ్ పైచేయి అయితే అది ఇనుముతో కలిసి నల్ల పూతగా అంటుకుంటుంది. ఒక రకంగా ఇది కూడా కాపాడే పనే, ఇనుము ఉన్నంతసేపూ సల్ఫైడ్‌ని పట్టేసుకుంటుంది కదా, అందుకే ఇనుము తక్కువుండే ఇసుక నేలల్లో సల్ఫైడ్ దెబ్బ ఎక్కువ. పూత నల్లగా ఉండి వేరు ఇంకా గట్టిగా ఉంటే మడి ఆరబెడితే కోలుకుంటుంది. నొక్కితే పైతొక్క జారిపోయి లోపల దారం లాంటి నార ఒక్కటే చేతికొస్తే ఆ వేరు పని అయిపోయింది, కొత్త వేర్లు రావాల్సిందే.

ఇది తెలంగాణలో యాసంగి నాట్లప్పుడు బాగా కనిపించే గొడవ. వానాకాలం కోత అయీ అవకముందే మోళ్లు, గడ్డి అన్నీ దమ్ములో కలిపేసి వెంటనే నాటేస్తారు, ఆ పచ్చి గడ్డి కుళ్లేటప్పుడు ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. పైన చూస్తే పైరు పసుపు పచ్చగా, ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటుంది. జింకు లోపమని ఒకరు, యూరియా చాల్లేదని ఇంకొకరు. నిజంగా జింకు లోపం ఉండొచ్చు కూడా, నీళ్లు నిలిచిన మడిలో జింకు అందడం తగ్గుతుంది మరి. కానీ వేరు నల్లగా ఉన్నప్పుడు ఎంత యూరియా చల్లినా తీసుకునే నోరే లేదు, ముందు నీళ్లు తీసేసి సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరనివ్వాలి, తర్వాత మళ్లీ పెట్టాలి. షాపుకి పోయే ముందు ఒక దుబ్బు తీసి చూడమని అందుకే చెప్పేది, ఖర్చు లేని పని.

ఇక విషాల దగ్గరికొద్దాం. ఇక్కడ మనం నేర్చుకున్న రంగులు కొంత దూరమే పనికొస్తాయి.

ముందు ఆర్సెనిక్ సంగతి. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లో బోరు నీళ్లలో ఇది సహజంగానే ఉంటుంది, హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులోంచి కరిగి వస్తుంది. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు, అక్కడ చాలా బోర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి, ఆ నీళ్లే ఎండాకాలం వరికి పెడతారు. గాలి ఉన్న మట్టిలో ఆర్సెనిక్ ఇనుప తుప్పుకి అంటుకుని కదలకుండా ఉంటుంది. మడి మునిగి ఆ తుప్పు కరిగితే ఆర్సెనిక్ కూడా విడుదలై నీళ్లలోకి వస్తుంది, పైగా రూపం మార్చుకుని వస్తుంది. ఆ కొత్త రూపం వేరుకి చూడ్డానికి సిలికాన్ లాగే ఉంటుంది. వరికి సిలికాన్ అంటే మహా ఇష్టం, ఊక కాల్చితే మిగిలే బూడిద దాదాపు అంతా సిలికానే, అందుకోసం వేర్లో ప్రత్యేకంగా ద్వారాలు పెట్టుకుంది, ఆర్సెనిక్ ఆ ద్వారాల్లోంచే దర్జాగా లోపలికి పోతుంది. జపాన్‌లో ఒకాయామా యూనివర్సిటీలో జియాన్ ఫెంగ్ మా బృందం 2008లో ఇది చూపించింది. మట్టిలో సిలికాన్ బాగా ఉంటే ఈ చొరబాటు తగ్గుతుంది, ఒకే తలుపు దగ్గర ఇద్దరు తోసుకుంటారు కాబట్టి.

మరి వేరు మీద తుప్పు పూత ఏం చేస్తుంది? ఆర్సెనిక్‌ని కొంత పట్టి ఆపుతుంది. వేర్లలో ఎక్కువ, గడ్డిలో తక్కువ, గింజలో ఇంకా తక్కువ ఉండటానికి ఇదొక కారణం. కానీ ఆపడం అంటే దాచి పెట్టడమే, పోగొట్టడం కాదు, రేపు ఆ పూత కరిగితే మళ్లీ బయటికొస్తుంది. గింజలో కూడా లోపలి బియ్యం కంటే తవుడు పొరలో ఎక్కువ చిక్కగా ఉంటుంది, దంపుడు బియ్యం పూర్తిగా మంచివే అనే వాళ్లు ఈ ఒక్క విషయంలో కొంచెం ఆగాలి. ఎక్కువ నీళ్లు పోసి గంజి వార్చే మన పాత పద్ధతిలో ఆర్సెనిక్ కొంత గంజితో పోతుంది, అయితే వండే నీళ్లు మంచివి అయితేనే.

సరే, నీళ్లు తీసేస్తే ఆర్సెనిక్ తగ్గుతుంది కదా, ఇంకేం, మడి ఆరబెడితే పోయె అనిపిస్తుంది. ఇక్కడే కాడ్మియం అనే ఇంకో విష లోహం అడ్డం తిరుగుతుంది. మునిగిన మట్టిలో కాడ్మియం సల్ఫైడ్‌తో కలిసి కరగకుండా పడి ఉంటుంది, ఆరబెడితే ఆ సల్ఫైడ్ విరిగి కాడ్మియం కరుగుతుంది, మాంగనీసు కోసం వేరు పెట్టుకున్న దారిలోంచి లోపలికి పోతుంది. ఒకదానికి మందు ఇంకోదానికి విషం అన్నమాట. జపాన్‌లో తొయామా దగ్గర జింజు నది కింద పొలాల్లో జరిగింది తెలిసిందే, కమియోకా గనుల నుంచి వచ్చిన కాడ్మియం నది నీళ్లతో మళ్లలోకి, మళ్ల నుంచి అన్నంలోకి వచ్చింది, ఎముకలు విరిగి జనం నొప్పితో అరిచేవాళ్లు, ఆ రోగం పేరే ఇతాయ్ ఇతాయ్, అంటే నొప్పి నొప్పి అని. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. పొలాల్లో మట్టి మార్చే పని 2012కి గానీ పూర్తవలేదు. అక్కడ ఇప్పుడు కాడ్మియం ఉన్న చోట్ల ఈనికకి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు మడిలో నీళ్లు ఆరనివ్వొద్దని రైతులకి చెప్తారు.

కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులు కూడా ఒకసారి చూసి పెట్టుకోండి, పాలిష్ బియ్యంలో కిలోకి కాడ్మియం 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ (ఎక్కువ విషమైన రూపం) 0.2 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదు వేరు రంగులో కనబడదు. ఎర్రగా కళకళలాడే వేర్లున్న దుబ్బులో కూడా కాడ్మియం ఉండొచ్చు. మూసీ కింద మురుగు నీళ్లతో వరి, గడ్డి పండించే పొలాలకి పోయి దుబ్బు తీసి "వేరు ఎర్రగుంది, నీళ్లు మంచివే" అంటే అది తప్పు. ఆ నీళ్లలో నత్రజని ఎక్కువుంటే పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరుగుతుంది, చూసేవాళ్లకి ముచ్చటేస్తుంది, లోహాల సంగతి ల్యాబ్‌లో మట్టి, నీళ్లు, గింజ మూడూ టెస్ట్ చేయిస్తేనే తెలుస్తుంది. వేరు రంగు చెప్పేది మడిలో గాలి గురించే. అయితే ఏ విషం కదులుతుంది, ఏది కదలదు అన్నది ఆ గాలి మీదే ఆధారపడి ఉంది కాబట్టి, టెస్ట్ రిపోర్టు చేతిలో ఉన్నవాడికి వేరు చూడ్డం వస్తే నీళ్లు ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు తీయాలో తెలుస్తుంది.

విషాల గొడవ లేని మడిలో తడి-పొడి పద్ధతి, అంటే ఒకసారి నీళ్లు పెట్టి ఒకసారి ఆరనిచ్చే పద్ధతి, పెట్టుకోవాలంటే నీటి మట్టం చూసే పైపు చాలు. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు, చేతి వెడల్పుది, కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేసి మడిలో పాతి లోపల మట్టి తీసేయాలి. పైపులో నీళ్లు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. పైరు పూతకొచ్చే టైంలో మాత్రం నీళ్లు ఉంచాలి.

ఇంటి పని. పల్చటి ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకుని మెడలు కోసేయండి, రెండిట్లోనూ పొలం మట్టి ముప్పావు వంతు నింపండి. ఒకదాంట్లో గుప్పెడు తరిగిన వరిగడ్డి, చిటికెడు జిప్సం (సల్ఫేట్ కోసం) కలపండి, రెండోదాంట్లో ఏం కలపొద్దు. రెండిట్లో వరి నారు మొక్కలు సీసా గోడకి ఆనేట్టు నాటి, మట్టి మీద మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పెట్టండి, తగ్గితే పోస్తూ ఉండండి. సీసాల చుట్టూ నల్ల గుడ్డ చుట్టండి, లేకపోతే గోడకి పాచి పడుతుంది, వేర్లు కూడా వెలుతురు నుంచి లోపలికి తప్పుకుంటాయి. వారానికోసారి గుడ్డ విప్పి చూడండి. మామూలు సీసాలో బూడిద రంగు మట్టి మీద వేరు పోయిన దారి పొడుగునా ఎర్ర గీత కనబడాలి, గడ్డి కలిపిన సీసాలో మట్టి నల్లబడుతుంది. ఆ నల్లమట్టిలో వేరు కొస చుట్టూ ఏ రంగు ఉందో చూసి గీసుకోండి, ఎర్ర అంచు ఎంత వెడల్పుందో స్కేలు పెట్టి రాసుకోండి. మూడో వారం గడ్డి సీసా అడుగున బెజ్జం వేసి నీళ్లు దింపేసి నాలుగు రోజులు ఆరనిచ్చి మళ్లీ నింపండి, మార్పు గీసుకోండి.

నాలుగో పాఠం చౌడు నేల మీద, తెల్ల చౌడు, కారు చౌడు రెండూ. ఆ లోపు ఈ బొమ్మలు, దుబ్బు ఫోటోలు ఒకచోట పెట్టుకోండి, ఉప్పు తగిలిన వేరుతో పోల్చడానికి కావాలి.