మిరపకాయ పాటతో ఒక వారం

గుంటూరులో మా అంగన్‌వాడీ మొత్తం ఒక్కటే గది. 18 మంది పిల్లలు, ఒక పెద్ద చాప. కొత్తగా చేరిన టీచర్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "అక్కా, పాటలు ఎన్ని నేర్పాలి?" ఎన్నో ఎందుకమ్మా, నేను ఒక్క పాటతో వారం గడిపేస్తాను.

పిల్లలు రోజూ చూసేదాని మీదే పాట కట్టుకోండి. ఎండలు ముదిరేసరికి మా వీధిలో ఏ డాబా మీద చూసినా మిరపకాయలే. అందుకని ఇలా అల్లాను:

ఎర్ర ఎర్ర మిరపకాయ
ఎండలోన పడుకుంది
కర్రి కర్రి కాకి వచ్చి
కసుక్కున కొరికింది
మంట మంట కాకమ్మ
............. తాగింది

ఆ ఖాళీ కావాలనే వదిలాను. మొదటి రెండు రోజులు ఏమీ అడగను. తొడ మీద దరువేస్తూ నేనే ఏదో ఒక మాట వేసి పాడతాను. "కసుక్కున" దగ్గర పక్కవాళ్ళ చెయ్యి ఉత్తుత్తిగా గిల్లాలి. ఇంకా మాటలు సరిగా రాని మూడేళ్ళవాళ్ళు ఆ గిల్లుడు కోసమే కాచుకుని కూర్చుంటారు. మూడో రోజు ఖాళీ దగ్గర ఆగి మొహాలు చూస్తాను. ఆగడమే కష్టం. మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకోండి. మనం నోరు తెరిచామా, ఇక వాళ్ళు తెరవరు.

నీళ్ళు, మజ్జిగ, గోలీసోడా వస్తాయి. ఒకసారి ఆటో నడిపే ఆయన కొడుకు "పెట్రోలు" అన్నాడు. అప్పటికి నేను కొత్త. "తప్పు, నీళ్ళు అనాలి" అనేశాను. నెల రోజులు వాడు పాటలో గొంతు కలపలేదు. ఇప్పుడైతే "తాగి ఎటెళ్ళిందిరా?" అంటాను. అక్కణ్ణుంచి కథ వాళ్ళదే. నిజానికి పక్షులకు మిరప కారం తెలియదు. ఎవరైనా అడిగితే చెప్పండి, అడక్కపోతే కాకిని మండనివ్వండి.

నాలుగో రోజు రంగులు. కొనక్కర్లేదు. గుడ్లు వచ్చే అట్ట ట్రే గుంటల్లో తలా కాస్త పోస్తే చాలు. బీట్‌రూట్ రసం గులాబీకి, బొగ్గు నలుపుకి. పసుపు నీళ్ళలో వంటసోడా చిటికెడు వేస్తే ఎర్రబడుతుంది. అది మాత్రం పిల్లల కళ్ళ ముందే వేయండి, గది గోలెత్తిపోతుంది. సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం. బెండకాయ అడ్డంగా కోసి అద్దితే ఐదు రెక్కల పువ్వు పడుతుంది.

బోర్డు మీద మిరపకాయ గీసి చూపించకండి. చూపిస్తే 18 కాగితాల మీదా మీ మిరపకాయే ఉంటుంది. "ఇదేంటి?" అనకుండా "దీని గురించి చెప్పు" అనండి. చెప్పింది చెప్పినట్టే కాగితం కింద రాసి, వేలు పెట్టి చదివి వినిపించండి. తను అన్న మాటే అక్కడ ఉందని తెలిశాక ఆ కాగితాన్ని ఎవరికీ ఇవ్వరు.

ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులు "ఏబీసీడీలు చెప్పట్లేదా టీచర్?" అంటారు. నేను వాదించను. కాగితం చేతిలో పెడతాను. మొన్న ఒక పాప కాగితమంతా బొగ్గుతో నలుపు చేసేసి "కాకి ఉంది, కనపడట్లేదు" అంది. వాళ్ళమ్మ ఆ ముక్క చదివి నవ్వేసింది. "రాత్రి కరెంటు పోయిందండీ. ఇప్పుడు కాకి ఎక్కడుంటుందమ్మా అని ఒకటే గోల."