పాటిదిబ్బ తేదీలు తికమక పెడుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

గోదావరి డెల్టాలోని పాటిదిబ్బల (పాత ఊళ్లు శిథిలమై ఏర్పడిన మట్టిదిబ్బల) నుంచి బొగ్గు, గింజలు, గుల్లలు తీసి రేడియోకార్బన్ పరీక్షకు (ప్రాణి చనిపోయాక కార్బన్-14 ఎంత క్షీణించిందో చూసి వయసు లెక్కించే పరీక్షకు) పంపేవారికి కావలసింది ఉత్త అంకె కాదు. ఆ ఊరు ఎన్ని తరాలు నిలిచింది, తాత వేసిన పునాదిని మనుమడు గుర్తుపట్టగలిగాడా, జనం ఒక్క వరదకే లేచిపోయారా లేక మెల్లమెల్లగా తరలిపోయారా అన్నది తెలుసుకోవాలని వారి కోరిక. కోరిక మంచిదే గాని, నివేదిక చేతికి రాగానే ముందు చూడవలసినది చూడకుండా నేరుగా తరాల లెక్కలోకి దిగుతున్నారు. నమూనా ఎలా తీయాలో, ఎలా భద్రపరచాలో మీకు తెలుసుననే అనుకుని రాస్తున్నాను.

లక్షణం: పై పొర తేదీ కింది పొర తేదీ కంటే పాతదిగా వచ్చింది.

ప్రయోగశాలను అనుమానించే ముందు నమూనా చిరునామా చూడండి. డెల్టాలో పాటిమట్టిని ఎరువుగా పొలాలకు తోలుకుపోవడం తరతరాలుగా ఉన్నదే. ఇప్పుడు చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ తవ్విన మట్టిని గట్ల మీద పోస్తున్నారు. అలా తిరగబడిన మట్టిలో అడుగున ఉండవలసిన బొగ్గు పైకి చేరుతుంది. కోత గోడలో పొర గీత తెగకుండా సాగుతున్నదో లేదో ఒక్కసారి చూసి ఉంటే ఆ నమూనాను పంపేవారే కాదు.

పొర చెక్కుచెదరలేదంటే బొగ్గు దేనిదో చూడాలి. వరదలో కొట్టుకొచ్చిన దుంగలను లంకలవాళ్లు ఒడ్డుకు లాగి వంటచెరకు చేసుకోవడం మనం ఎరిగినదే. ఎగువ అడవిలో నూటయాభై ఏళ్లు పెరిగిన చెట్టు నడిమి చేవ ఆ పొయ్యిలో కాలితే, రేడియోకార్బన్ చెప్పేది ఆ చేవ పెరిగిన కాలం, వంట వండిన కాలం కాదు. మాడిన వడ్లు, మినుములు, నువ్వులు, సన్న పుల్లలు పంపండి. ఒక్క ఏడాదిలో పండి ఆ ఏడాదో మరుసటేడో వాడుకలోకి వచ్చినదే మనుషుల పనికి దగ్గరగా ఉంటుంది. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎంఎస్ పద్ధతికి ఒక్క వడ్లగింజ చాలు కనుక సరిపడా బొగ్గు దొరకలేదన్న సాకు ఇప్పుడు చెల్లదు.

లక్షణం: ఒకే పొయ్యిలోని గుల్లకూ గింజకూ వందల ఏళ్ల తేడా.

సముద్రపు పైనీటిలో కరిగి ఉన్న కార్బన్ గాలిలోని దానికంటే పాతది కాబట్టి అందులో పెరిగిన గుల్ల సగటున 400 ఏళ్లు పాతదిగా కనిపిస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే మొగల దగ్గరా, ఉప్పుటేరు ద్వారా సముద్రంతో కలిసే కొల్లేరు వంటి చోట్లా ఈ తేడాకు చేయవలసిన సవరణ ఒక్కటిగా ఉండదు. గుల్లసున్నం కోసం ఎప్పటివో గుల్లలు తవ్వి తెచ్చిన చోటైతే చెప్పనక్కరలేదు. సముద్రం నుంచి ఏరెక్కే పులస వంటి చేపలను తిని బతికినవారి ఎముకలకూ ఈ దోషం కొంత అంటుతుంది. గింజ ఉన్నప్పుడు గింజనే నమ్మండి.

లక్షణం: తేదీలన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఊరు మాత్రం 350 ఏళ్లు నిలిచినట్టు కనిపిస్తోంది.

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. ఇందులో ఏ తప్పూ పైకి కనిపించదు. ఒక పాటిలో అడుగు, నడిమి, పై పొరల నుంచి మూడు గింజలు పంపారనుకుందాం. మూడింటికీ 2450 ± 30 బీపీ (1950కి ముందు ఇన్ని రేడియోకార్బన్ ఏళ్లు) అన్న ఫలితమే వచ్చింది. కాలిబ్రేషన్ చేస్తే, అంటే వయసు తెలిసిన చెట్టు వలయాల వంటివాటి కొలతలతో గీసిన వక్రరేఖ సాయంతో క్యాలెండరు ఏళ్లలోకి మారిస్తే, ఒక్కొక్కటీ దాదాపు క్రీ.పూ. 760 నుంచి క్రీ.పూ. 410 వరకు పరుచుకుంటుంది. వెంటనే “ఈ గ్రామం మూడున్నర శతాబ్దాలు వర్ధిల్లింది” అన్న వాక్యం వ్యాసంలోకి ఎక్కుతుంది. ఆ 350 ఏళ్లు మనకు తెలియనితనపు వెడల్పు. ఊరి ఆయుష్షు అంతకంటే ఎంతో తక్కువ కావచ్చు.

గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకే మోతాదులో లేదు. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి 5వ శతాబ్దం దాకా స్థూలంగా చూస్తే అది తగ్గుతూ వచ్చింది. ముందు పండిన గింజ ఎక్కువ కార్బన్-14తో మొదలై ఎక్కువ కాలం క్షీణించింది. తరువాత పండిన గింజ తక్కువతో మొదలై తక్కువ కాలం క్షీణించింది. ఈనాడు కొలిస్తే రెండింటిలోనూ మిగిలినది ఇంచుమించు ఒకటే. అందుకే కాలిబ్రేషన్ వక్రరేఖ అక్కడ బల్లపరుపుగా ఉంటుంది. యంత్రం ఎంత మంచిదైనా, ± 30ని ± 20కి దించినా, ఆ బల్లపరుపు మీద పెద్దగా ఒరిగేది లేదు.

దీనివల్ల పోయేది మనుషుల కాలమే. ఇంటి నేలను ఆరుసార్లు అలికి, ఆరుసార్లు మెత్తిన పొరలు కనిపించాయనుకోండి. అవి ముప్ఫయ్యేళ్లలో పడితే మొదటి నేల మెత్తిన చేతులే ఆరవ నేలనూ మెత్తి ఉండవచ్చు. అది ఒక కుటుంబపు ఇంటిపని. అవే 350 ఏళ్లలో పడితే పద్నాలుగు తరాలు ఒకే గడపను పట్టుకుని వేలాడాయన్నమాట. అది ఆచారమో, హక్కో, పూర్వీకుల పట్ల భక్తో అయి ఉండాలి. ఇంగ్లండ్‌లోని వెస్ట్ కెన్నెట్ రాతి సమాధి సంగతి ఇలాగే తేలింది. అక్కడ తొలి ఖననాలు శతాబ్దాల పాటు సాగాయని చాలాకాలం అనుకున్నారు. 2007లో వెలువడిన విశ్లేషణ వాటిని 10 నుంచి 30 ఏళ్లకు, అంటే ఒక్క తరానికి, కుదించింది. యుగాల వెనుకటి పూర్వీకులు అనుకున్నవారు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్న మనుషులయ్యారు.

పరిష్కారానికి మొదటి మెట్టు పొరల వరుస. కింది పొర ముందు, పై పొర తరువాత అన్న సంగతి మీకు తవ్వకంలోనే తెలుసు. దాన్ని లెక్కలోకి ఎక్కించకుండా మూడు తేదీలనూ మూడు అనాథల్లాగా విడివిడిగా కాలిబ్రేట్ చేయడం అన్యాయం. ఉచితంగా దొరికే కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్ ఆక్స్‌కాల్‌లో బేయిజియన్ మోడల్ (ముందే తెలిసిన పొరల వరుసనూ కొలతలనూ కలిపి చేసే గణాంకపు లెక్క) కట్టండి. వరుసకు మొదలు, చివర అని రెండు సరిహద్దులు తప్పకుండా పెట్టండి. సరిహద్దులు లేకపోతే కొలతల్లోని చెదురు అంతా కాలవ్యవధిగా లెక్కకెక్కి ఊరి ఆయుష్షు పెరిగిపోతుంది. ఈ ఒక్క పని మానేసి సాఫ్ట్‌వేర్‌ను తిట్టినవారు చాలామంది ఉన్నారు. తరువాత వ్యవధిని విడిగా అడగండి: మొదలు ఎప్పుడు, చివర ఎప్పుడు అన్నవి వేరు, మధ్య దూరం ఎంత అన్నది వేరు.

బల్లపరుపు మీద మూడు గింజలతో ఇదీ తెగకపోవచ్చు. అప్పుడు కాలిన టేకు స్తంభం వంటిది దొరుకుతుందేమో చూడండి. ఏటేటా వలయం వేసే కొద్దిపాటి ఉష్ణమండల వృక్షాల్లో టేకు ఒకటి. వలయాలు లెక్కపెట్టి, లోపలివి, నడిమివి, వెలుపలివి విడిగా పరీక్షిస్తే వాటి మధ్య ఎన్నేళ్లో ముందే తెలుసు కాబట్టి ఆ వరుసను వక్రరేఖ మీది చిన్న చిన్న ఒంపులకు సరిపెట్టవచ్చు. వెలుపలి మెత్తచెక్క చెక్కేసిన స్తంభమైతే వచ్చేది చివరి వలయపు తేదీయే. చెట్టు నరికింది ఆ తరువాత ఎప్పుడో.

తేదీలన్నీ ఒకదానిపై ఒకటి కూడి, మూపురాలు వచ్చిన చోట జనాభా పెరిగిందనీ, పల్లం వచ్చిన చోట ఊళ్లు ఖాళీ అయ్యాయనీ రాయడం ఇదే జబ్బుకు మరో రూపం. ఆ మూపురాల్లో చాలావరకు వక్రరేఖ ఏటవాలుగా దిగిన చోట్లు మాత్రమే.

లక్షణం: శాసనంతో తేదీ పొసగడం లేదు.

ముందు కాలిబ్రేట్ చేసిన బీపీ అంకెను దేని నుంచి తీసివేశారో చూసుకోండి. లెక్క 1950 నుంచి. ఈ ఏడాది నుంచి తీస్తే మూడు తరాల తేడా వస్తుంది. అది సరిగానే ఉంటే, పొసగాలని పట్టుబట్టకండి. ద్రాక్షారామం శాసనాలు శక సంవత్సరాన్ని, తిథిని, వారాన్ని చెప్పి, దానం ఆచంద్రార్కంగా సాగాలని కోరుతాయి. రోజుతో సహా లెక్కపెట్టినవారి కాలానికీ, పదుల ఏళ్ల వెడల్పున్న మన కొలతకూ పోలిక పెట్టవచ్చు గాని ఒకదాన్ని మరొకదానిలో ఇరికించకూడదు. అరవై సంవత్సరాల చక్రాన్నో పుష్కరాల పన్నెండేళ్లనో క్రీస్తుపూర్వపు పాటి మీద పరచి పొరలు లెక్కపెట్టడం మరీ విడ్డూరం.

ఇక కొబ్బరి వేళ్లు చొచ్చుకుపోవడం, కుళ్లిన ఆకుల నుంచి పుట్టి నేలనీటితో దిగిన హ్యూమిక్ ఆమ్లాలు, ప్రయోగశాల పొరపాటు: ఇవి ఉంటాయి గాని అరుదు. వేళ్లు భూతద్దంతో ఏరేయవచ్చు, ఆమ్లాల సంగతి ప్రయోగశాలలో శుద్ధి చేసేటప్పుడు చూసుకుంటారు.

డచ్చివారు వర్తకం చేసిన పాలకొల్లు, జగన్నాథపురం వంటి చోట్ల 1650 తరువాతి పొరలకు మాత్రం డబ్బు ఖర్చు పెట్టకండి. అక్కడి నుంచి 1950 దాకా వక్రరేఖ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది కాబట్టి ఒకే కొలత మూడు శతాబ్దాల్లో మూడు నాలుగు చోట్ల వాలుతుంది. ఆ పొరలో దొరికిన నాణెమో, పింగాణీ ముక్కో, మట్టి పొగగొట్టమో అంతకంటే దగ్గరి తేదీ ఇస్తుంది.