గ్రంథసూచి నుంచే మొదలుపెట్టండి
పీజీ ప్రాజెక్టుకు అంశం ఖరారు కాగానే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఉచితంగా నడుపుతున్న శోధ్‌గంగ అనే సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భండారంలో అదే అంశంపై ఇటీవల వచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని వెతకండి. అక్కడ అధ్యాయాలు సాధారణంగా విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి కాబట్టి, ముందుగా ఉపయుక్త గ్రంథసూచి ఒక్కటే తెరిస్తే, ఆ పరిశోధకులు ఏళ్ల తరబడి పోగుచేసిన పుస్తకాల, వ్యాసాల పట్టిక మీ చేతికి వస్తుంది. (వాక్యాలు ఎత్తి రాయడం వేరే సంగతి, అది తగదు.) అందులో చందా కడితే తప్ప తెరుచుకోని పత్రికలు ఎదురైతే, కళాశాలలకు ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించే ఎన్‌-లిస్ట్ పథకంలో మీ కళాశాలకు సభ్యత్వం ఉందేమో లైబ్రేరియన్‌గారిని అడగండి, ఉంటే మీ పేరిట ఇచ్చే లాగిన్‌తో ఇంటి నుంచి కూడా చదువుకోవచ్చు. విద్యాసంవత్సరం మొదట్లో గ్రంథాలయం పెట్టే పరిచయ తరగతిని ఎగ్గొట్టేవారే ఎక్కువ గానీ, ఈ లాగిన్ల సంగతి సాధారణంగా చెప్పేది అక్కడే.