నార్వే ఫెర్రీల్లో ఆటోపాస్ బిల్లు తేడాగా వస్తే: సమస్యలు, పరిష్కారాలు

స్టవాంగర్ నుంచి బెర్గెన్‌కి E39 రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు దారిలో రెండుసార్లు కారుతో సహా ఫెర్రీ ఎక్కాలి. మొదటిది మోర్తావికా నుంచి అర్స్‌వోగెన్‌కి, రెండోది సాండ్‌విక్‌వోగ్ నుంచి హాల్‌హ్యెమ్‌కి. రెండోది ముప్పావు గంట ప్రయాణం. నార్వేలో టోల్, ఫెర్రీ డబ్బు ఆగకుండానే వసూలు చేసే పద్ధతి పేరు ఆటోపాస్. అది ఉన్న ఫెర్రీల్లో టికెట్ కొనే పని లేదు. రేవు దగ్గరి కెమెరా గానీ, సిబ్బంది చేతిలోని పరికరం గానీ మీ కారుని నమోదు చేసుకుంటుంది, బిల్లు తర్వాత వస్తుంది. కారులో కూర్చున్న మిగతావాళ్ళకి వేరే టికెట్ ఉండదు.

మనవాళ్ళకి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఫాస్టాగ్‌కి అలవాటు పడ్డాం. టోల్ ప్లాజా దగ్గర గేటు లేస్తుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. ఇక్కడ గేటూ లేదు, మెసేజూ లేదు. కొన్ని వారాల తర్వాత వచ్చిన బిల్లు చూసి, ఇంతెందుకు వేశారని టెన్షన్ పడతాం. నా సలహా ఒక్కటే: ఏ సమస్య వచ్చినా ముందు మీ కారు నంబరు ఏ ఒప్పందం కింద ఉందో చూడండి, ట్యాగ్ (కారు అద్దానికి అంటించే ఆటోపాస్ పరికరం) సంగతి ఆ తర్వాత. ఫెర్రీ బిల్లుల్లో వచ్చే తేడాలు చాలావరకు నంబరు దగ్గరే దొరుకుతాయి.

సమస్య: ఫెర్రీ దిగి రోజులు గడిచినా డబ్బు కట్ కాలేదు

చాలాసార్లు ఇది అసలు సమస్యే కాదు. నమోదైన ప్రయాణం సంస్థల మధ్య లెక్క తేలి మీ బిల్లులోకి రావడానికి సమయం పడుతుంది. పైగా నార్వేలో కొన్ని చిన్న ఫెర్రీ మార్గాలని ప్రభుత్వం ఈమధ్య ఉచితం చేసింది. మీరు వెళ్ళిన దీవి వాటిలో ఒకటైతే బిల్లు ఎప్పటికీ రాదు.

మీ కారు వేరే దేశంలో రిజిస్టర్ అయినదైతే బిల్లు ఈపాస్24 అనే సంస్థ నుంచి, రిజిస్ట్రేషన్‌లో ఉన్న యజమాని చిరునామాకి వెళ్తుంది. జర్మనీలోనో స్వీడన్‌లోనో ఉంటూ సెలవులకి నార్వే వచ్చే తెలుగువాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇల్లు మారి, రిజిస్ట్రేషన్‌లో పాత చిరునామానే ఉంచేస్తే బిల్లు అక్కడికే పోతుంది. ప్రయాణానికి ముందే ఈపాస్24లో కారు నంబరు, ఈమెయిల్ నమోదు చేసుకుంటే ఆ బెడద ఉండదు.

సమస్య: ట్యాగ్ ఉంది, అయినా దాదాపు పూర్తి ధర వేశారు

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నార్వేలో ట్యాగ్ ఒప్పందం వేరు, ఫెర్రీ అకౌంట్ వేరు. ట్యాగ్ ఒప్పందం రోడ్ టోల్ కోసం. 3500 కిలోల లోపు వాహనాలకి దానితో టోల్‌లో 20 శాతం తగ్గుతుంది. అదే ట్యాగ్‌తో ఫెర్రీ ఎక్కితే మాత్రం దక్కేది చిన్న తగ్గింపే. ఫెర్రీ ధరలో 50 శాతం తగ్గింపు రావాలంటే ఆటోపాస్ ఫెర్రీ అకౌంట్ విడిగా తెరిచి, అందులో ముందుగా డబ్బు వేసి ఉంచాలి. ట్యాగ్ ఇంటికి రాగానే అన్నీ అయిపోయాయనుకోవడం సహజం. అకౌంట్ తెరవమని గుర్తు చేసేవాళ్ళు ఎవరూ ఉండరు.

అకౌంట్ తెరిచినా తగ్గింపు రాలేదంటే మూడు విషయాలు వరసగా చూడండి. మొదటిది, అకౌంట్‌లో డబ్బు ఉందా? అది ప్రీపెయిడ్, ఖాళీ అయితే తగ్గింపు ఆగిపోతుంది. వేసవి సెలవుల్లో ఉత్తరం వైపు తిరిగితే రోజుకి రెండు మూడు ఫెర్రీలు ఎక్కాల్సి వస్తుంది, డబ్బు ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియదు. బయల్దేరే ముందు రోజు బ్యాలెన్స్ చూసుకోండి. రెండోది, అకౌంట్‌లో ఉన్నది ఇప్పటి కారు నంబరేనా? కారు మార్చినప్పుడు ట్యాగ్ ఒప్పందంలో నంబరు మార్చి, ఫెర్రీ అకౌంట్‌లో మార్చడం మర్చిపోతుంటారు. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకచోట మార్చితే రెండోచోట దానంతటదే మారుతుందని అనుకోవద్దు. మూడోది, నంబరు సరిగ్గా ఎక్కించారా? నార్వే నంబర్ ప్లేటు మీద రెండు అక్షరాలు, ఐదు అంకెలు ఉంటాయి. ఒక్క అంకె తప్పినా అది వేరొకరి కారు నంబరైపోతుంది.

అకౌంట్ తెరవక ముందు చేసిన ప్రయాణానికి తర్వాత తగ్గింపు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అందుకే ఇంకా ఫెర్రీ ఎక్కని కొత్తవాళ్ళకి నేను చెప్పేది, పశ్చిమ తీరంలో స్థిరపడేట్టయితే ట్యాగ్‌తో పాటే అకౌంట్ కూడా తెరిచేయమని.

సమస్య: నేను వెళ్ళని ఫెర్రీకి నా దగ్గర డబ్బు తీసుకున్నారు

ఈమధ్య కారు అమ్మారా? నార్వేలో నంబర్ ప్లేటు కారుతోనే పోతుంది, మనతో రాదు. మీ అకౌంట్‌లోంచి ఆ నంబరు తీసెయ్యకపోతే, కొత్త యజమాని ఫెర్రీ ఎక్కినప్పుడల్లా మీ డబ్బే పోతుంది. యాజమాన్యం మార్పు నమోదు చేసిన రోజే ట్యాగ్ ఒప్పందంలోంచీ, ఫెర్రీ అకౌంట్‌లోంచీ నంబరు తీసెయ్యండి, ట్యాగ్ కూడా అద్దం మీంచి తీసి దగ్గర ఉంచుకోండి.

పాత కారు కొన్నవాళ్ళకి దీని రెండో వైపు కనిపిస్తుంది. అద్దం మీద పాత యజమాని ట్యాగ్ అలాగే ఉంటుంది. దాని పక్కనే మీది కూడా పెడితే ఏది చదివారో తెలియక బిల్లు గందరగోళమవుతుంది. కారులో ఒక్క ట్యాగే ఉండాలి. పాతది తీసి ఆయనకి పంపి, ఒప్పందం రద్దు చేసుకోమని చెప్పండి.

కారు అమ్మలేదు, ట్యాగూ ఒక్కటే, అయినా ఇలా వచ్చిందంటే కెమెరా ఎవరిదో నంబరుని మీదిగా చదివి ఉండొచ్చు. చలికాలంలో మంచు, ఉప్పు కలిసిన బురద ప్లేటు మీద పేరుకుంటే అంకెలు సరిగ్గా కనపడవు. ఆ రోజు ఆ సమయానికి కారు ఎక్కడుందో చూపే రసీదు ఏదైనా, పార్కింగ్‌దో చార్జింగ్‌దో, జతచేసి ఫిర్యాదు పెట్టండి. మీ ప్లేటు తుడుచుకోవడం కూడా అలవాటు చేసుకోండి.

సమస్య: ట్యాగ్ చదవడం లేదని నోటీసు వచ్చింది

ఆటోపాస్ ట్యాగ్‌లో బ్యాటరీ ఉంటుంది. ఫాస్టాగ్ లాంటి స్టిక్కర్ కాదు కాబట్టి కొన్నేళ్ళకి బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు ట్యాగ్ ఇచ్చిన సంస్థని అడిగి మార్చుకోవాలి. అంతకంటే ముందు అది ఎక్కడ పెట్టారో చూడండి. డ్యాష్‌బోర్డు అరలో పడేస్తే పనిచేయదు. ముందు అద్దానికి లోపలి వైపు, రియర్‌వ్యూ అద్దం వెనక అంటించాలి. కొన్ని కార్ల అద్దంలో వేడిని ఆపే లోహపు పొర ఉంటుంది, అది సిగ్నల్‌ని కూడా ఆపేస్తుంది. అలాంటి అద్దాల్లో రియర్‌వ్యూ అద్దం దగ్గర నల్ల చుక్కలున్న కొంత భాగాన్ని పొర లేకుండా వదులుతారు. కారు మాన్యువల్‌లో చూసి సరిగ్గా అక్కడే అంటించండి.

సమస్య: ఎప్పుడూ వేసే ధర కంటే ఈసారి ఎక్కువ వేశారు

ఫెర్రీ ధర వాహనం పొడవుని బట్టి ఉంటుంది. మామూలు కారు 6 మీటర్ల లోపు వర్గంలోకి వస్తుంది. వెనక ట్రెయిలర్ తగిలిస్తే దాని పొడవు కూడా కలిసి పై వర్గంలోకి వెళ్తుంది. ట్రెయిలర్ లేకుండానే పై వర్గం వేస్తే నమోదులో పొరపాటు జరిగినట్టే. కారు పొడవు రోడ్ల శాఖ స్టాటెన్స్ వెగ్‌వెసెన్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే కనిపిస్తుంది. ఆ పేజీ జతచేసి రాస్తే వాదించే అవసరం పెద్దగా ఉండదు.

సమస్య: ఒకే రోజు రెండుసార్లు డబ్బు తీసుకున్నారు

ఓస్లో, బెర్గెన్ లాంటి నగరాల టోల్ రింగ్‌లో, ట్యాగ్ ఉన్నవాళ్ళు గంటలోపు ఎన్ని బూత్‌లు దాటినా ఒక్కదానికే చెల్లిస్తారు. ఫెర్రీకి ఈ గంట నియమం వర్తించదు. వెళ్ళినదానికి ఒకసారి, తిరిగొచ్చినదానికి ఒకసారి పడుతుంది. ఒకే దిశలో ఒకే సమయానికి రెండు పడితేనే తప్పు.

సమస్య: అద్దె కారు వాడాను, నా తగ్గింపు రాలేదు

అద్దె కార్లలో సాధారణంగా ఆ సంస్థ ట్యాగే ఉంటుంది. ఫెర్రీ ఖర్చు ఒప్పందం ప్రకారం తర్వాత మీ కార్డు మీద వేస్తారు, కొన్ని సంస్థలు దానికి సర్వీస్ చార్జీ కూడా కలుపుతాయి. మీ ఇంటి ట్యాగ్ తెచ్చి అందులో పెట్టకండి. కారు తీసుకునేటప్పుడే ఈ చార్జీ సంగతి అడిగి తెలుసుకోండి.

సమస్య: ఇక్కడ ట్యాగ్ చెల్లదన్నారు

ప్రతి ఫెర్రీలోనూ ఆటోపాస్ ఉండదు. గైరాంగర్ – హెల్లెసిల్ట్, గుద్వాంగెన్ – కౌపాంగెర్ లాంటివి పర్యాటకుల ఫెర్రీలు, వాటికి టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. నార్వే నుంచి డెన్మార్క్, జర్మనీ వెళ్ళే పెద్ద ఓడలదీ అదే పద్ధతి. ఊరి నుంచి చుట్టాలొచ్చి ఫ్యోర్డ్‌లు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) చూపించమంటే ముందు మార్గం ఏ రకానిదో చూసి అప్పుడు బయల్దేరండి.

ఫిర్యాదు ఎవరికి పెట్టాలి

బిల్లు మీద ఎవరి పేరుంటే మొదట వాళ్ళకే రాయండి. ట్యాగ్ సంస్థకి రాస్తే ఫెర్రీ నడిపేవాళ్ళని అడగమంటారు, వాళ్ళని అడిగితే ట్యాగ్ సంస్థ పేరు చెప్తారు, ఇలా తిరగాల్సి రావచ్చు, విసుగు పడొద్దు. ప్రయాణం తేదీ, సమయం, మార్గం, దిశ, కారు నంబరు, ఏ మొత్తం తప్పో ఒక్క ఈమెయిల్‌లోనే రాసి, అదే ఈమెయిల్ ఇద్దరికీ పంపండి. ఈలోపు బిల్లు గడువు దగ్గరపడితే, గడువు దాటకముందే బిల్లు మీద అభ్యంతరం చెప్పానని రాతపూర్వకంగా తెలియజేయండి. ఊరికే కట్టకుండా వదిలేస్తే ఆ మొత్తం మీద రిమైండర్ ఫీజు కూడా పడుతుంది.